మంచక్క అడిగిన గడియ

ఆ వినోదాల పార్కులో ఆమెను అందరూ మంచక్క అంటారు. జనం మంచులో ఆడుకునే మంచు ఇల్లు ఆమెదే. అంటే, చాకిరీ ఆమెదని. వచ్చినవాళ్లకు కోట్లు, బూట్లు ఇచ్చి లోపలికి తీసుకెళ్లాలి, అరగంటకు బయటికి తీసుకురావాలి, తడిసిన కోట్లు ఆరవేయాలి. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. లోపల మైనస్ ఆరు డిగ్రీలు, గుమ్మం దాటితే నలభై రెండు. అటూ ఇటూ తిరిగి తిరిగి మోకాళ్లు పట్టేశాయి.

"చలైనా మానాలి, ఈ ఊరైనా మారాలి" అన్నాడు డాక్టరు.

ఊరు మారడమంటే మాటలా? ఒకపక్క సముద్రం, మిగతా మూడుపక్కలా ఉప్పు చిత్తడి. బయటికి ఒక్కటే రోడ్డు. సెలవులొస్తే ఆ రోడ్డు నిండా కార్లే, అంగుళం కదలవు. లోకానికి సెలవులంటే వీళ్లకు డ్యూటీ. అక్క కూతురి పెళ్లికి కూడా అలాగే వెళ్లలేకపోయింది. మొగుడు పార్కులోనే పిల్లల రైలు నడుపుతాడు. "ఇన్నేళ్లు రైలు నడిపి పక్కూరు చూడనివాణ్ని నేనొక్కణ్నే" అని తనమీద తనే జోకులేసుకుంటాడు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం. పార్కువాళ్లిచ్చిన రెండు గదుల క్వార్టర్సు ఆమె పేరనే ఉంది. కిటికీ తెరిస్తే రోలర్ కోస్టరు కేకలు, మూస్తే ఉక్కపోత.

వేసవిలో అక్కడ మధ్యాహ్నం మూడయ్యేసరికి వాన దంచికొడుతుంది. రైడ్లన్నీ ఆపేస్తారు. జనమంతా మంచు ఇంటి మీద పడతారు. పోయిన వేసవిలో అలాగే నలభైమంది లోపలుండగా దగ్గర్లో పిడుగు పడింది. దీపాలు ఆరిపోయాయి. జనరేటరు అందుకుంది గానీ తలుపు మోటారు కాలిపోయింది. తలుపు బిగుసుకుపోయింది. మంచు మిషన్లు మాత్రం ఎప్పట్లాగే చలి కుమ్మరిస్తున్నాయి.

"పది నిమిషాలు ఓపిక పట్టు" అన్నారు బయటనుంచి. అరగంటైంది.

ఒకావిడ ఏడుపు లంకించుకుంది. "ఇక్కడే చచ్చిపోతామా?"

"పంతొమ్మిదేళ్ల నుంచి ఇక్కడే ఉన్నా, నేను చచ్చానా?" అంది మంచక్క. ఒకరిద్దరు నవ్వారు. ఆమె పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టి పెద్దవాళ్లను చుట్టూ నిలబెట్టింది.

వెనకగోడకు పాత మంచు తోసేసే కంత ఒకటుంది. దాని చెక్కకు మంచు గడ్డకట్టి కరుచుకుంది. పారతో కొట్టీ కొట్టీ ఊడబెరికింది. ముందు పిల్లలు, తర్వాత ఆడవాళ్లు పాక్కుంటూ బయటపడ్డారు. ఒక పెద్దాయన నడుం దగ్గర ఇరుక్కుపోయాడు.

"ఊపిరి వదిలెయ్యండి బాబాయ్, బయటికెళ్లి పీల్చుకుందురు గాని!"

ఆయన జారి అవతల పడ్డాడు. అందరూ వెళ్లాక ఆమె వంగబోతే మోకాళ్లు వంగలేదు. ఆ కొన్ని నిమిషాలూ ఆ చలిగదిలో ఒక్కతే అయిపోయింది. సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చిన మొగుడు కంతలోంచి రెండు చేతులూ పట్టి బయటికి లాగాడు.

వారం తిరక్కుండా ఆమె ఫొటో గేటు దగ్గర పెట్టారు. టికెట్ల కౌంటరుకు మార్చమని అడగడానికి మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"ఇప్పుడెలా కుదురుతుందమ్మా? జనం నిన్ను చూడ్డానికే వస్తున్నారు."

"నావల్ల కాదండీ, మానేస్తాను."

"మానేస్తే క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి కదా."

ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "అయితే ఆ తలుపుకి లోపల చేత్తో తీసే గడియ పెట్టించండి. పెట్టేదాకా నేను లోపల అడుగుపెట్టను."

అన్నట్టే మూడురోజులు కోట్ల బల్ల మీదే కూర్చుంది. బయట క్యూ పెరిగింది, గొణుగుడూ పెరిగింది. నాలుగోరోజు పనివాడు వచ్చి ఇనుప గడియ బిగించాడు. లోపల నిలబడి తనే పదిసార్లు వేసి, తీసి చూసుకుంది.

ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని. జనం మంచు విసురుకుంటూ ఆడుతుంటే ఆమె తలుపు దగ్గర్నుంచి కదలదు. అరగంట నిండకముందే, "ఇక చాలు, పదండి, పదండి" అంటుంది.