బండ్లు చేసేవాళ్ళ ఇంటిపేరు

2006లో డెట్రాయిట్ శివార్లలో, కార్ల చక్రాలు డిజైన్ చేసే ఆఫీసులో నా పక్క సీటు ఒక ముసలి అమెరికన్ ఇంజనీరుది. ఆయన ఇంటిపేరు కార్ట్‌రైట్. ఒకరోజు లంచ్‌లో దాని అర్థం అడిగాను.

"బండ్లు చేసేవాడని. ఇంగ్లండ్‌లో మా పూర్వీకులు చేసిన పనే ఇంటిపేరైపోయింది," అన్నాడు గొప్పగా.

నాకు ఒళ్ళు మండింది. మా నాన్న ఎడ్లబండ్లు చేసే వడ్రంగి. కాలేజీ నుంచి వీసా ఇంటర్వ్యూ దాకా ఎవరడిగినా నాన్నది "బిజినెస్" అని బొంకినవాణ్ణి నేను. ఈయనేమో వాళ్ళింట్లో ఎన్నడో మానేసిన పనిని మెళ్ళో బ్యాడ్జీ మీద వేసుకుని తిరుగుతున్నాడు!

"మా నాన్న ఇప్పటికీ చేస్తాడు," అన్నాను, కాస్త కోపంగానే.

ఆయన సాండ్‌విచ్ కింద పెట్టేశాడు. "చెక్క చక్రానికి ఇనుప పట్టా ఎలా బిగిస్తారు? మా ఇంట్లో ఎవరికీ తెలీదు."

పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తారని చెప్పాను. చల్లారుతూ అదే బిగుసుకుంటుంది. చిన్నప్పుడు ఆ నీళ్ళు పోసింది నేనే.

మర్నాడు మీటింగ్‌లో ఆయన నన్ను అందరికీ మళ్ళీ కొత్తగా పరిచయం చేశాడు. "అసలు కార్ట్‌రైట్ ఇతనే. నాది ఉత్త పేరే."