సాపు మేస్త్రి

టైపింగు షాపులో పనిచేసే ఆయన్ని అందరూ సాపు మేస్త్రి అంటారు. ఫోన్లలోంచి తెచ్చి అతికించిన రాతల్లో ఒక అక్షరం లావుగా, ఒకటి బక్కగా, మాటల మధ్య బండి పట్టేంత ఖాళీలు ఉంటాయి. అవి కనబడితే ఆయనకి పంటికింద రాయి పడ్డట్టే. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ముక్కు తెరకి ఆనేలా వంగి, కూనిరాగం తీస్తూ అన్నిటినీ సాపుచేసి ఒక్క తీరుకి తెస్తాడు. చదవడు. చదివితే చెయ్యి ఆగిపోతుందంటాడు.

మొన్నొక అమ్మాయి, తల్లి ఆఖరి రోజుల్లో చెబుతుంటే తను ఫోన్లో టైపు చేసుకున్న మాటలు తెచ్చింది. చుట్టాలకి పంచడానికి చిన్న పుస్తకం కావాలంది. మేస్త్రి ఖాళీలన్నీ ఏరేస్తే ఐదు పేజీలు మూడయ్యాయి. "చూడమ్మా, అద్దంలా వచ్చింది" అని చేతిలో పెట్టాడు. ఆమె చదివి, "బాగుందండీ. మా అమ్మకి ఆయాసం తగ్గినట్టుంది" అంది. ఆయనకి అర్థం కాలేదు. "ఊపిరందక అమ్మ ఆగినచోటల్లా ఖాళీ వదిలానండీ. ముందే చెప్పాల్సింది, నాదే తప్పు." "నీదెందుకవుతుందమ్మా" అని గొణిగి, మేస్త్రి ఆ ఫోను మళ్లీ అడిగి తీసుకున్నాడు. ఈసారి ఉన్నదున్నట్టు అతికించి, మొదటినుంచీ చదివాడు. 'నాన్న కళ్లజోడు' అని ఉంది. తర్వాత అర వరస ఖాళీ. 'ఎక్కడో పెట్టి' అని ఉంది. మళ్లీ ఖాళీ. 'వెతుక్కుంటాడు, నువ్వు చూస్తుండు.' అలవాటుకొద్దీ ఆయన వేలు చెరిపే మీట మీదికి వెళ్లింది. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా ఆ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.