హీరో పడకూడని మేడ

2023 చలికాలం. దుబాయ్ అల్ కుసైస్‌లోని మా వర్క్‌షాప్‌కు జపాన్ నుంచి ఒక టీవీ బృందం వచ్చింది. మా పని రియల్ ఎస్టేట్ కంపెనీలకు బిల్డింగ్ మోడళ్లు చేయడం. వాళ్లది ఆకాశమంత హీరో రాక్షస మృగంతో పోరాడే సైన్స్ ఫిక్షన్ సీరియల్. ఒక ఎపిసోడ్ కథ దుబాయ్‌లో నడుస్తుంది. అందుకు నైఫ్ అనే పాత పేటలోని ఒక వీధిని మేం మినియేచర్‌గా, అంటే కెమెరాకు నిజమనిపించే చిన్న నమూనాగా కట్టాలి. ఇరవై అయిదు అడుగుల గోడ మా బల్ల మీద ఒక్క అడుగు. రబ్బరు సూట్ వేసుకున్న నటుడు దాని పక్కన నిలబడితే కొండలా కనిపిస్తాడు.

కెమెరాను నేలకు దించితే చిన్న వస్తువు పెద్దదవుతుందని జగిత్యాల లైబ్రరీలో ఎప్పుడో చదివాను. పదో తరగతితో ఆగిన నాకు ఆ లైబ్రరీయే కాలేజీ. తెలియనిదల్లా బ్రేక్‌అవే పని. కూలాల్సిన మేడను ప్లాస్టర్‌తో పోసి, తగలగానే ముక్కలయ్యేలా వెనక గాట్లు పెట్టాలి. గట్టిగా అతికించడం అలవాటైన చేతులు దానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు.

వాళ్ల కళాదర్శకుడు మోరి గారు పెద్దాయన, మితభాషి. వీధంతా చూసి ఇంగ్లీషులో, "బాగుంది. కానీ ఇది అమ్మకానికి పెట్టిన ఊరు. నాకు జనం ఇప్పుడే వదిలి పారిపోయిన ఊరు కావాలి," అన్నారు.

నిజమే. సేల్స్ మోడల్‌లో ప్రతి కిటికీకీ లైటు పెడతాం. లోపల ఎవరూ ఉండరు.

ఖాళీ నైఫ్‌ను నేను చూశాను. అప్పట్లో నా రూమ్ అక్కడే. 2020లో కరోనాకు ఆ వీధులు మూసేసినప్పుడు తోటివాళ్లను క్వారంటైన్‌కు తీసుకెళ్లారు. రూమ్‌లో నేనొక్కణ్నే మిగిలాను. బాల్కనీల్లో లుంగీలు ఆరుతూనే ఉన్నాయి. ఒక తోపుడు బండి రోడ్డుకు అడ్డంగా ఉండిపోయింది. ఎదురు మేడ మూడో అంతస్తులో ఒకాయన ఉండేవాడు. పేరు తెలీదు, ఏ దేశమో తెలీదు. పొద్దుగూకగానే లైటు వేసి చెయ్యి ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ని. రోజు మొత్తానికి నాకు అదే పలకరింపు. ఒక సాయంత్రం ఆ లైటు వెలగలేదు. మళ్లీ ఎప్పుడూ వెలగలేదు.

వీధిని మళ్లీ సర్దాను. గుడ్డ ముక్కలతో లుంగీలు ఆరేశాను. బండిని అడ్డంగా నిలిపాను. లైట్లన్నీ పీకేసి, ఎదురు మేడ మూడో అంతస్తులో ఒక్కటి ఉంచాను.

మా ఫోర్‌మన్ రాజన్న చూసి గొంతు తగ్గించాడు. "అరే శంకర్, పిచ్చి లేసిందా? హీరో పడేదే ఆ బిల్డింగ్ మీద. ముదీర్ చూసిండంటే నీ పని ఖలాస్!" ముదీర్ అంటే మా మేనేజరు.

"ఉండనీ అన్నా."

"ఎవడున్నడురా అండ్ల, నీ సుట్టమా?"

ఇంతలో మోరి గారే వచ్చారు. "ఊరు ఖాళీ కదా. ఈ లైటు ఎవరిది?"

"ఒకాయన మిగిలిపోయాడు సర్," అన్నాను.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ కిటికీలోకి చాలాసేపు చూశారు. "మనిషి ఉంటే హీరో ఇక్కడ పడకూడదు," అని లేచి దర్శకుడి దగ్గరకు వెళ్లారు.

కథ మారింది. హీరో పడబోతూ లైటు చూసి, ఒళ్లు తిప్పి అవతలి మేడ మీద పడతాడు. అవతలిది 2020లో నేనున్న మేడ. దాని వెనక గాట్లు నేనే పెట్టాను.

భయం మాత్రం పోలేదు. సూట్ కళ్లలోంచి నటుడికి సరిగా కనబడదు. ఎదురు మేడా ప్లాస్టరే, మోచెయ్యి తగిలినా చాలు. మళ్లీ కట్టే వ్యవధి లేదు. దాన్నైనా గట్టిగా అతికించి ఉండాల్సిందనుకున్నాను.

షాట్ మొదలైంది. మృగం తోసింది. హీరో తూలి, నడుము తిప్పాడు. అతని చెయ్యి బాల్కనీకి జానెడు దూరంలోంచి పోయింది. లుంగీలు ఊగాయి. నా మేడ పిండిపిండి అయింది. దుమ్ము తగ్గాక చూస్తే మూడో అంతస్తులో లైటు వెలుగుతూనే ఉంది.

"నీ రూమ్ పాయెగదరా, ఇగ యాడ పండుతవ్?" అన్నాడు రాజన్న. అందరూ నవ్వారు. "యల్లా, ఇగ పోదాం. మెయిన్ స్విచ్ తీసెయ్యనా?"

"ఒక్క నిమిషం అన్నా," అని ఆ కిటికీ వైపు చెయ్యి ఊపాను. తర్వాత స్విచ్ నేనే తీసేశాను.

అప్పటి నుంచి ఏ మోడల్‌కూ అన్ని కిటికీల్లో లైట్లు పెట్టడం లేదు. క్లయింట్ అడిగితే, "వాళ్లు డ్యూటీకి పోయారు సర్," అంటాను. లైటు పెట్టిన చోట ఎవరుంటారో మనసులో అనుకున్నాకే వైరు కలుపుతాను.