నాగప్ప చెయ్యి

ధర్మవరం బస్టాండులో డ్రైవరు ఇంజను ఆపకుండానే టీ తాగడానికి పోయినప్పుడు, నిలబడిన డీజిలు బస్సు వెనక గొట్టంలోంచి వచ్చే ఆ నల్లటి పొగ వాసన ముక్కుకు తగిలితే చాలు, నా చెయ్యి దానంతటదే పంచె అంచును వెలుతురుకు పట్టి చూస్తుంది. పోయిన నెల అట్లా చూసుకుంటుంటే, పక్కన బెంచీ మీద కూర్చున్న ఒక ముసలామె తన తెల్లచీర కొంగు మీద పడిన నలకలను దులుపుకుంటూ, "థూ, నాగప్ప చెయ్యి పడినట్లుండాదే" అంది. మా నేత వీధుల్లో ఇది సామెత. ఉతికి ఆరేసిన బట్ట మీద మచ్చ కనబడినా, చంటిబిడ్డ చొక్కాకు మరకంటినా ఈ మాటే అంటారు. ఆ నాగప్ప ఎవరో అనేవాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఆ మాట పుట్టింది మా ఇంటి ముందరే.

అది రెండో ప్రపంచ యుద్ధకాలం. పెట్రోలు దొరక్క, మా ఊరినుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే బస్సుకు వెనకవైపు నిలువెత్తు ఇనప పీపా ఒకటి బిగించారు. అందులో బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతో బండి నడిపేవాళ్లు. తెల్లవారుతూనే క్లీనరు పీపా పక్కనున్న పిడిని పట్టుకుని గిరగిరా తిప్పుతుంటే, మొదట తెల్లగా, తర్వాత బూడిదరంగులో, చివరికి కాటుకలాగా పొగ లేచి, ఇంజను దగ్గి, ఉమ్మి, ఎప్పటికో ఒకప్పటికి అందుకునేది. ఆ బస్సు ఆగేది మా వీధి చివరి బయలులో. వేరే వీధివాళ్ల కళ్లు దాని మీద ఉన్నాయని మా అవ్వకు గట్టి అనుమానం. అమావాస్యనాడు తానే పోయి దానికి నిమ్మకాయ దిష్టి తీసి వచ్చేది.

సరిగ్గా ఆ వేళకే, ఎండ ముదరకముందే, వీధి పొడుగునా పడుగులు సాగేవి. రెండు కొసలా గుంజలకు బిగించిన పట్టు పోగుల మీద నాయన గంజి పట్టిస్తుంటే, అమ్మ తెగిన పోగులను వెతికి వెతికి ముడివేసేది. పులిసిన గంజి వాసన, వేపపూత వాసన, ఎదురింట్లో నాగప్ప కాగుల్లో ఉడుకుతున్న పట్టు వాసన కలిసి మా ఉదయాలకు ఒకే వాసనగా ఉండేవి. నాగప్ప మా వీధికంతా పట్టు ఉడికించి రంగులు అద్దేవాడు. మోచేతులదాకా నీలిరంగు, మాట మాత్రం చింతబరికె. అయినా ఉగాదికి ముందు మా బొంగరాల తాళ్లను మిగిలిన ఎర్రరంగులో ముంచి, "పోండ్రా కోతుల్లారా" అని విసిరి ఇచ్చేవాడు.

ఆ ఏడు ఉగాదికి అవ్వ ఓళిగలకు బెల్లం దాచిపెట్టుకున్న రోజుల్లోనే, నాయన ఒక పెళ్లిచీరకు సాగదీసిన తెల్లపట్టు పడుగు మీద మిరియపు పొడి చల్లినట్లు నల్ల నలకలు కనబడ్డాయి. తుడిస్తే పోలేదు, జిడ్డుగా పాకాయి. మళ్లీ ఇంకో పడుగు మీదా అంతే. మచ్చల చీర పెళ్లికూతురికి ఎట్లా కట్టిస్తామని షావుకారు తిప్పి పంపించాడు. నాయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అవ్వ మాత్రం ఎదురింటి వాకిలి వైపు చూసి, "ఇంకెవురు? ఆ కడుపుమంటోడే" అంది. అంతకుముందే నాయన ఎర్రపట్టు పని ఇంకో అద్దకపువాడికి ఇచ్చివున్నాడు.

మర్నాడు నన్ను కాపలా పెట్టారు. ఒళ్లో బొరుగులు పోసి, "నాగప్ప వాకిలి తప్ప ఇంగేమీ చూడగూడదు" అని అవ్వ ఆజ్ఞ. బస్సు నా వీపు వెనక ఉంది. పిడి కిర్రుమంటుంటే మెడ అటే గుంజింది గానీ తిరగలేదు. పొగ నా తలమీదుగా పోతున్నా చూడలేదు. నాగప్ప బయటికొచ్చాడు. అటూ ఇటూ చూసి, మా పడుగు మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మా ఇంటి వైపు ఓరగా చూశాడు. నేను లోపలికి పరుగెత్తాను. "ముట్టినాడవ్వా! వేలు నల్లగుండాది!"

నేను చూసింది నిజమే. మసి ముందా, వేలు ముందా అని నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"ఏం నాగప్పా, నా పడుగు మీద నీకేం పనప్పా?" అన్నాడు నాయన.

"మీ దీపం మసి మీరే పూసుకోని నా మీద పెడతాండారేమోనని చూసేకి వస్తి. నన్నిడిపించి ఆ కొత్తోన్ని పెట్టుకునే ఉపాయం నాకు తెలీదనుకుంటివా?"

"చూస్తిరా, తప్పు చేసినోనికే గొంతెక్కువ" అంది అవ్వ, వీధంతా వినేట్లు.

వీధి విన్నది. ఒక్కొక్క ఇల్లే ఆయనకు పట్టు ఇవ్వడం మానేసింది. కాగుల కింద పొయ్యి ఆరిపోయింది. పండగ కాగానే నాగప్ప, భార్య, రాగి కాగులు ఆ బస్సే ఎక్కి హిందూపురం పోయారు. బస్సు కదిలితే మేము పిల్లలం ఎప్పట్లాగే దాని పొగలో కేకలేస్తూ పరుగెత్తాం. ఆ మర్నాడే నాయన పడుగు సాగదీశాడు. నలకలు పడ్డాయి. ఎదురింటికి తాళముంది. "పోతా పోతా ఏందో పూడ్చిపెట్టి పోయినాడు" అంది అవ్వ. ఆ ఇంటి వాకిట్లో తవ్వితే నీలిరంగు పట్టిన మన్ను తప్ప ఏమీ దొరకలేదు. ఆ మన్ను చూసి ఇంకా భయపడ్డారు.

వానల్లో నేనూ అవ్వా హిందూపురంలో మా మేనత్తను చూడడానికి పోయాం. పీపా పక్కనే మాకు చోటు దొరికింది. పెనుకొండ దగ్గర ఎత్తెక్కలేక బస్సు ఆగితే, అందరూ దిగి తోశారు, క్లీనరు పిడి తిప్పాడు. పొగ విడిపోయాక చూస్తే అవ్వ తెల్లచీర నిండా మిరియపు పొడి. ఒక నలకను వేలితో రాసింది. జిడ్డుగా పాకింది. ముక్కు దగ్గర పెట్టుకుంది, అచ్చం నాగప్పలాగే.

"అవ్వా, ఇది మన పడుగు మీద..."

"నోరు మూసుకో రా."

హిందూపురంలో దిగాక, నాగప్పకు చెప్దామన్నాను. అవ్వ కొంగు దులుపుకుంది. "ఏమని చెప్పేది రా, ఊరంతా మన మాట నమ్మినాక?" అంది. మేనత్త ఇంట్లో చీరను తానే ఉతుక్కుని, ఇంటికొచ్చాక నాయనతో, "బస్సు పోయినాకనే పడుగు సాగదీయి, అప్పుడు ఎండ బాగుంటాది" అని మాత్రం చెప్పింది. మమ్మల్ని చూసి వీధంతా అట్లాగే చేసింది. మచ్చలు ఆగిపోయాయి. నాగప్ప పెట్టిన దానికి బలం తగ్గిందని జనం సంతోషించారు. అవ్వ కాదనలేదు. పెద్దయ్యాక నేనూ ఆ కథను పెళ్లిపందిళ్లలో నవ్వుతూ చెప్పాను.

ఇప్పుడు మా వీధిలో పడుగులు సాగవు. ఉడికే పట్టు వాసన లేదు. బొగ్గు పీపా ఎట్లుంటుందో మా పిల్లలకు బొమ్మ గీసి చూపించాలి. నాగప్ప హిందూపురంలోనే పోయాడని విన్నాను. పొగ ఒక్కటే మిగిలింది, ఆయన పేరుతో.

అందుకే ఆ రోజు బస్టాండులో ఊరుకోలేకపోయాను. "అది నాగప్ప చెయ్యి కాదమ్మా. బస్సు పొగ. అప్పుడూ బస్సే" అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఆయప్పకు నువ్వేమైతావప్పా?"

"ఏమీ కాను. ఎదురింటోన్ని."

ఆమె మా ఇద్దరి మధ్యనున్న తన సంచీని తీసి అవతలి పక్కన పెట్టుకుంది.