జాతరకు వెళ్ళిన మ్యూజియం

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. నేను తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పే పెంకుటి బడి కొత్త భవనంలోకి మారింది. ఖాళీ పడిన పాతదాన్ని రేషను బియ్యానికి గోడౌను చేద్దామని తాలూకా ఆఫీసులో అనుకున్నారు. మా నాయన కూడా ఆ గోడల మధ్యే పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊరి చరిత్ర దాచుకునే చోటుగా ఉంచమని తాసిల్దారుగారిని ఒప్పించడానికి, ఇంటింటికీ తిరిగి పాత సామాన్లు తెచ్చాను. కార్వేటినగరం సంస్థానం నాటి తలపాగా, కత్తి, బల్లెం, ఇత్తడి కొమ్ము. ఎవరు తొంగి చూసినా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. మీ మాటలు వినలేకే ఆ కత్తి తుప్పు పట్టింది అనేది మా ఆవిడ.

తాసిల్దారుగారు చూడడానికి వస్తానన్న రోజు ఊరివాళ్ళు వేషాలు కట్టి గంగమ్మకు మొక్కు తీర్చుకునే గంగజాతరలో పడింది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, చరిత్ర చెప్పే నాకే తట్టలేదు. సామాన్లు ఇచ్చినవాళ్ళు పొద్దున్నే గుమ్మంలో నిలబడ్డారు.

"అయ్యోరా, వేషానికి మా కత్తి గావల్ల."

"ఈరోజు కుదరదప్పా."

"మొక్కుబడి. కుదరదని అమ్మకు నువ్వు చెప్తావా?"

మొక్కు అన్నాక గోడ మీంచి తీసి ఇచ్చాను. కత్తి ఇచ్చాక తలపాగా ఇవ్వనని ఎలా అనను? తాసిల్దారుగారు వచ్చేసరికి మ్యూజియంలో మిగిలింది నేనూ, నా ఉపన్యాసమూ.

"సామాన్లేవయ్యా?"

"జాతరకు వెళ్ళాయండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, గోడౌనుకు కొలతలు తీయమని బంట్రోతుకు చెప్పారు.

అంతలో వేషాలు తిరిగి వచ్చాయి. ఒళ్ళంతా కుంకుమ పూసుకున్న బండ వేషగాడు ముందు నడిచాడు. ఆ వేషంలో ఎదురైనవాణ్ణి తిట్టడమే భక్తి. తాసిల్దారుగారిని తాతముత్తాతలతో సహా తిట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అతను కత్తిని తువ్వాలుతో తుడిచి గోడకు తగిలిస్తున్నాడు. మిగతావాళ్ళూ ఎవరి వస్తువును వాళ్ళు ఉన్నచోటే పెట్టారు.

"ఇవెవరివి?" అన్నారు తాసిల్దారుగారు.

"మావే సామీ. ఇంట్లో అయితే అటక మీద పడుంటాయి. ఈడైతే దోవన పోయేటప్పుడు సూసి పోతాము. ఈడ బియ్యం పోస్తే వీటిని యాడ పెట్టుకోవల్ల?"

ఆయన బంట్రోతును పిలిచి, కొలతలు ఆపమన్నారు. నాకు దుఃఖం ఆగలేదు, అందరి ముందే ఏడ్చాను. అన్నాళ్ళూ అవన్నీ నావే అనుకుని తిరిగినవాణ్ణి ఆ ఊళ్ళో నేనొక్కణ్ణే.