అమ్మ స్కూటర్ నేర్చుకున్న ఆదివారాలు

మా చిన్నప్పటి ఆదివారాలు స్కూటర్ కిక్కు చప్పుడుతో తెల్లవారేవి... సీతాఫల్‌మండిలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. నాన్న బండిని ఒక పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, నాలుగైదు కిక్కులు కొడితే గానీ అది లేచేది కాదు. దాంతోపాటే వీధిలో సగం మంది లేచేవారు.

నాన్న వెనక అమ్మ కూర్చునేది. ముందు ఖాళీలో నేను నిలబడేదాన్ని. నేరుగా యూనివర్సిటీ క్యాంపస్‌కు... అంత పొద్దున్నే ఆ రోడ్లన్నీ ఖాళీ. అక్కడ అమ్మ స్కూటర్ నేర్చుకునేది.

సరదాకి కాదు. అమ్మ తార్నాకలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. ఆ ఎండాకాలం ఓనరు బడి బిల్డింగు అమ్మేశాడు... ఫ్లాట్లు కడతారట. అదే సమయంలో రైల్వేలో క్లర్కుగా ఉన్న నాన్నకు కాజీపేట ట్రాన్స్‌ఫర్ అయింది. శనివారం సాయంత్రం వచ్చి, ఆదివారం సాయంత్రం మళ్ళీ రైలెక్కేవాడు. మాకు తోడుగా ఊరి నుంచి నాయనమ్మ వచ్చింది... ఒక ట్రంకుపెట్టె, బైబిలు, దంచిన కారం డబ్బాతో.

అమ్మకు వేరే బడిలో ఉద్యోగం దొరికింది గానీ, అది నాచారం అవతల. వంట చేసి, నన్ను బడిలో దింపి, రెండు బస్సులు మారి వెళ్ళడం కుదరని పని. నాన్న బండేమో వారమంతా వాకిట్లో ఊరికే ఉండేది.

"నేనే నడుపుత" అంది అమ్మ, ఒకరోజు అందరం అన్నం తింటుంటే.

నాయనమ్మ ముద్ద ఆపేసింది. "చీర కట్టుకొని స్కూటర్ ఏంది బిడ్డా... నలుగురు నవ్వరా?"

అయినా నేర్చుకోవడం మొదలైంది. అమ్మ క్లచ్ ఒక్కసారిగా వదిలేసేది... బండి కప్పలా గెంతి ఆగిపోయేది. నాన్న వెనక స్టెప్నీ టైరు పట్టుకొని పరిగెత్తుతూ, "మెల్లగ ఇడువు... మెల్లగ అంటే మెల్లగనే" అని అరిచేవాడు. నేను కల్వర్టు మీద కూర్చొని బిస్కెట్లు తింటూ నవ్వేదాన్ని.

ఒక ఆదివారం మలుపులో సైకిలు అడ్డొచ్చింది. అమ్మ కంగారులో బ్రేకు బదులు రేజ్ తిప్పింది. బండి వెళ్ళి పొదల్లో పడింది... మోకాలు చెక్కుకుపోయింది, హెడ్‌లైట్ అద్దం పగిలింది, చీర చిరిగింది. అమ్మ ఏడవలేదు. లేచి, చీర దులుపుకొని, బండి వైపు చూసింది.

ఇంటికొచ్చాక నాన్న ఆమె మోకాలికి పసుపు అద్దుతూ అన్నాడు. "చాలు ఇగ. ఆ కొలువు పోతె పోనియ్. అందరం కాజీపేట పోదాం. నా జీతంతోని నడుస్తది."

అప్పుడు నిండాయి అమ్మ కళ్ళు.

మాట్లాడింది నాయనమ్మ. చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే...

"మీ నాయిన పోయినప్పుడు నువ్వు గీ పిల్లంత ఉంటివి. పొలం పడావు పడ్తదని నేనే నాగలి పట్టిన. ఆడిది దున్నుడేందని ఊరంత నవ్వింది. ఆ నవ్వుకు జడిసి ఇంట్ల కూసుంటే, నీకు ఈ సదువు, ఈ కొలువు ఏడికెల్లి వస్తుండెరా?"

నాన్న చేయి అలాగే ఆగిపోయింది. నాయనమ్మ చేట పక్కన పెట్టి అమ్మ వైపు తిరిగింది. "వచ్చే ఐతారం మల్ల పో బిడ్డా. చీర కొంచెం బిగించి కట్టుకో."

బడులు తెరిచేనాటికి అమ్మ నడపగలిగింది. మెట్టుగూడ చర్చికి వెళ్తూ మొట్టమొదట అమ్మ వెనక కూర్చున్నది నాయనమ్మే. అమ్మ భుజం గట్టిగా పట్టుకొని, కళ్ళు మూసుకొని, దారిపొడుగునా పైకే ప్రార్థన చేసింది. చర్చి ముందు దిగాక అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది... "మా కోడలే తోలుకొచ్చింది" అని.

నాచారం అవతలి ఆ బడిలోనే అమ్మ రిటైరయింది. నాయనమ్మ, నాన్న ఇప్పుడు లేరు.

పోయిన ఏడాది నా ఉద్యోగం పోయింది. కంపెనీ చాలామందిని తీసేసింది, అందులో నేనూ ఉన్నాను. మా ఆయన పని పుణెలో. నేను పాపను తీసుకొని తార్నాకలో అమ్మ ఫ్లాటుకు వచ్చేశాను. కొన్నాళ్ళు మంచం దిగబుద్ధి కాలేదు. ఒక పొద్దున అమ్మ చాయ్ తెచ్చి, "తాగి లే. క్యాంపస్ దాక నడిచొద్దాం" అంది.

నడుస్తూ అడిగాను. "అప్పుడు పడ్డంక మల్ల బండి ఎక్కనీకి భయం కాలేదా అమ్మా?"

"మస్తు అయింది. ఇప్పటికీ లారీ పక్కకెల్లి పోతె అయితది."

ఎన్నో రోజుల తర్వాత గట్టిగా నవ్వాను.

ఇప్పుడు మెట్రో స్టేషన్ దగ్గర ఒక చిన్న కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. జీతం మునుపటిలో సగం కూడా లేదు. కానీ మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తింటున్నాను... సాయంత్రాలు పాప అమ్మమ్మ దగ్గర ఎక్కాలు అప్పజెబుతుంటే పక్క గదిలోంచి వింటున్నాను. తక్కువైందని అనిపించడం లేదు. నిజంగానే.

మా పాత అద్దె ఇల్లు ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టల్ లేచింది. అందులోంచి పొద్దున్నే అమ్మాయిలు వరసగా బండ్లు తీస్తారు, వీధిలో ఒక్కరూ తల తిప్పి చూడరు. మంచి మార్పే... కాకపోతే, ఆ మొదటిసారి ఎంత గుండె కావాల్సి వచ్చిందో కూడా మరిచిపోతున్నాం.

మీ ఇంట్లో అందరికంటే ముందు బండి నడిపిన ఆడమనిషి ఎవరు? 'మా అమ్మ', 'మా అత్త' అని వదిలేయకుండా పేరు పెట్టి రాయండి...

మా అమ్మ పేరు సుగుణ.