బ్యాటరీ మీద సంతకం

గురువారం మధ్యాహ్నం నా ఫోనుకి, 'లాప్‌టాప్ అన్న' అని నేను దాచుకున్న నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఆ నంబరు చూడగానే నా మొహం వేడెక్కింది. ఇన్నాళ్ళకి తిట్టడానికి పెట్టారేమో, తిట్టినా బాగుండు అనుకుంటూ తెరిచాను. "నమస్తే. నేను షాపాయన భార్యను. ఆయన సోమవారం పొద్దున గుండెపోటుతోని చనిపోయిండు. మీ మిషన్లు షాపుల ఉంటే ఆదివారం పదింటికి వచ్చి తీస్కపోగలరు." ఆయన ఫోనులో ఉన్న కస్టమర్లందరికీ ఒకేసారి పంపిన మెసేజ్ అది. నా మిషన్ ఏదీ అక్కడ లేదు. నా నంబరు మాత్రం ఆయన తీసెయ్యలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకసారి నలుగురూ చదివేచోట ఆయన గురించి రాసి నేను వెలగబెట్టిన నిర్వాకం చాలు. అదేమిటో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. మంచి మనిషి పోయాడని రాసేసి చేతులు దులుపుకోవచ్చు గానీ, అలా రాస్తే ఈసారి కూడా సగమే చెప్పినట్టవుతుంది.

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి, చేతుల్లో కరపత్రాలు కుక్కేవాళ్ళను తప్పించుకుని కోచింగ్ సెంటర్ల సందులోకి తిరిగితే, ఒక జిరాక్స్ షాపు పైన రెండో అంతస్తులో ఉండేది ఆయన గది. నలుగురు నిలబడితే ఐదో మనిషి మెట్ల మీద ఆగాలి. లాప్‌టాప్‌లు బాగుచేసేవారు, అడిగిన వాళ్ళకి కొత్తవి తెప్పించి అమ్మేవారు కూడా. నాది అనువాదం పని. కొత్త మందులు మనుషుల మీద పరీక్షించేటప్పుడు వాళ్ళ చేత సంతకం పెట్టించుకునే అంగీకార పత్రాలను తెలుగులోకి మారుస్తాను. ఎస్.ఆర్. నగర్‌లో ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి లాప్‌టాప్ ఆగితే నాకు పొయ్యి ఆగినట్టే. అలా పదహారేళ్ళు ఆ మెట్లెక్కాను.

మాది బాపట్ల వైపు, ఆయనది సిద్దిపేట వైపు. నేను "ఏంటన్నా, ఇంకా అవలేదా?" అంటే, ఆయన నా యాస పట్టుకుని "అవ్వలేదండీ" అని సాగదీసి, "జర సేపు కూసోండ్రి మేడం" అని స్టూలు జరిపేవారు. ఏ మిషన్ తెచ్చినా ముందు దాన్ని ఆన్ చేసి, చెవి ఆనించి ఫ్యాను చప్పుడు వినేవారు. "ముందుగాల వినాలె, తర్వాత విప్పాలె" అనేవారు. మూత బిగించాక బల్ల మీద స్క్రూ ఏమైనా మిగిలిందేమోనని అరచేత్తో తడిమి చూసుకునేవారు. "మొదలే ఒక స్క్రూ తక్కువుంటే నడుస్తది మేడం. మిగిలితెనే ఫికర్."

ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. ఏ మిషన్ అయినా మొదటిసారి విప్పేటప్పుడు మన ఎదురుగానే విప్పి, లోపలున్న బ్యాటరీ మీద, డిస్కు మీద మన చేతే సంతకం పెట్టించేవారు. నల్లటి వాటి మీద కనబడాలని వెండి రంగు మార్కర్ ఒకటి జేబులో ఉండేది. ఆ చుట్టుపక్కల రిపేరు షాపుల్లో అసలు పార్టులు తీసి నకిలీవి వేస్తారన్న మాట ఉంది కదా, అందుకు. మొదటిసారి నేను నవ్వాను. "మీ మీద నాకు అనుమానమేంటన్నా?" అన్నాను. "ఇయ్యాల లేదు మేడం. రేపు రావొచ్చు. అప్పుడు నేను చెప్తే మీరు నమ్మరు, మీ సంతకం చెప్తే నమ్ముతరు" అన్నారు. అది ఎంత నిజమో అప్పుడు నాకేం తెలుసు? పైగా నేను కూరగాయల బండి దగ్గర తూకం రాయిని తిరగేసి చూసే రకాన్ని. అయినా నవ్వాను.

నా మొదటి లాప్‌టాప్ ఆయన చెప్పిన కంపెనీదే కొన్నాను. నల్లగా, రుబ్బురోలంత బరువుండేది. ఒకసారి దాని మీద గ్లాసెడు టీ ఒలికింది. ఆయన దాన్ని రెండు రోజులు ఫ్యాను కింద బోర్లించి, మూడో రోజు ఆన్ చేసి ఇచ్చారు. అది ఏడేళ్ళు పనిచేసింది. దాంతో నాకు ఆ కంపెనీ మీద ఎంత గురి కుదిరిందంటే, మా చర్చిలో ఆరుగురి చేత అదే కొనిపించాను. ఎవరైనా వేరే కంపెనీ పేరెత్తితే నా ఇంటి పేరుని ఏదో అన్నట్టు వాదించేదాన్ని.

రెండోది ఐదేళ్ళు వచ్చింది. మూడోది రెండేళ్ళకే కీబోర్డు మీద అక్షరాలు ఊడి, తెర మీద గీతలు పడి చేతులెత్తేసింది. నాలుగోది కొనేముందు ఆయన దగ్గర కూర్చుని, ఫోనులో ఆ కంపెనీ కొత్త మోడల్ చూపించాను. అప్పడంలా పల్చగా, ముద్దుగా ఉంది. ఆయన చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపారు.

"గిది వద్దు మేడం. ఈసారి కంపెనీ మార్చుండ్రి."

"మీరే కదన్నా నాకు ఈ కంపెనీ అలవాటు చేసింది?"

"చేసిన. అప్పుడు మంచిగుండె. ఇప్పుడు బయట బోర్డు గదే ఉంది, లోపల కిరాయికున్నోళ్ళు మారిన్రు. నెలకు పది వస్తున్నయి నా దగ్గరికి, అన్నీ గీ మూత కాడ ఇరిగినయే."

ఆయన మాట వినలేదు. ఒకరిద్దరికి చెడ్డది వచ్చి ఉంటుంది, అంత పెద్ద కంపెనీ అంత తేలిగ్గా దిగజారుతుందా అనుకున్నాను. ఆయన తెప్పించనంటే షోరూంలో కొనుక్కున్నాను. ఎనిమిది నెలలకి, ఆయన చెప్పిన చోటే, మూత దగ్గర విరిగింది. విరిగినదానికి వారంటీ రాదన్నారు షోరూంలో. ఆయన దగ్గరికి పట్టుకుని వెళితే 'నేను చెప్పలే?' అని ఒక్క మాట అనలేదు. నా ముందే విప్పారు. విప్పి మార్కర్ చేతికిచ్చారు. ఆ సమయానికి నేను ఎవరితోనో ఫోనులో పని గురించి గొడవపడుతున్నాను. చూడకుండానే రెండు గీతలు గీసి మార్కర్ వెనక్కిచ్చేశాను. అలా గీసిన సంగతే తర్వాత నాకు గుర్తులేదు.

మరో ఏడాదికి దాని బ్యాటరీ ఉబ్బి, వేలితో రుద్దే పలక పైకి లేచింది. ఆయన ఊరెళ్ళారు, షాపు తాళం వేసి ఉంది. నాకు పని తొందర. పంజాగుట్టలో ఉన్న కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. చల్లటి హాలు, టోకెను నంబరు, మెత్తటి కుర్చీలు. లోపలికి తీసుకెళ్ళి విప్పి చూశారు. కౌంటర్లో అమ్మాయి వచ్చి, "ఇది బయట ఓపెన్ చేశారు మేడం. బ్యాటరీ మీద మా స్టిక్కర్ లేదు. పార్ట్ మార్చి ఉండొచ్చు" అంది. బాగుచెయ్యాలంటే చాలా అవుతుంది, కొత్తది తీసుకుంటే నయం అని కూడా అంది.

మార్చి ఉండొచ్చు అంది, అంతే. నేను అనువదించే పత్రాల్లో 'తలనొప్పి రావచ్చు' అన్నది 'వస్తుంది' అని పడితే నా పని వెనక్కి కొడతారు. అలాంటి నేను, పంజాగుట్ట ఫ్లైఓవర్ దాటేలోగా ఆయన మార్చేశారని తేల్చుకున్నాను. మూత విరగడం, బ్యాటరీ ఉబ్బడం, మిషన్ మందగించడం, అన్నిటికీ ఒక్కటే కారణం దొరికింది. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది. పదహారేళ్ళు నెత్తిన పెట్టుకున్న కంపెనీని అనుమానిస్తే నా తెలివినీ అనుమానించుకోవాలి. పదహారేళ్ళుగా తెలిసిన మనిషిని అనుమానించడానికి ఏమీ పోదు. నాకు తేలికైన పని నేను చేశాను.

ఆటోలో కూర్చునే, ఫోనులో మ్యాపు తెరిచి ఆయన షాపు పేరు కింద ఐదింటిలో ఒకే ఒక్క స్టారు ఇచ్చి రాశాను. "పదహారేళ్ళ కస్టమర్‌ని. నమ్మి ఇస్తే అసలు పార్టులు తీసి నకిలీవి వేస్తారు. జాగ్రత్త." ఫోన్ చేసి అడగాలని తోచలేదు. సర్వీస్ సెంటర్ వాళ్ళు మూత పైపైన బిగించి ఇచ్చిన పాతదాన్ని తెచ్చి అలమారలో పడేసి, మర్నాడే వేరే కంపెనీది కొన్నాను. అంటే చివరికి ఆయన చెప్పిన పనే చేశాను, ఆయన్ని దొంగని చేసి మరీ.

మర్నాడు సాయంత్రం నేను రాసిన దాని కింద ఆయన జవాబు కనబడింది. "మేడం నమస్తే. బ్యాటరీ మీద మీ సంతకం ఉందా చూడుండ్రి. ఉంటే ఫోన్ చేయుండ్రి. లేకపోయినా చేయుండ్రి."

నేను చూడలేదు. ఫోనూ చెయ్యలేదు. దొరికిపోయి సర్దుకుంటున్నారని మా చర్చిలో ఇద్దరితో అన్నాను కూడా.

నాలుగు నెలల తర్వాత అలమార సర్దుతుంటే ఆ పాత లాప్‌టాప్ చేతికి తగిలింది. బ్యాటరీ ఇంకా ఉబ్బి, అడుగు మూతని ఒక పక్క పూర్తిగా లేపేసింది. వేలు పెట్టి లాగితే ఊడివచ్చింది. లోపల నల్లటి బ్యాటరీ మీద వెండి రంగులో నా పొడి సంతకం, చూడకుండా గీసిన ఆ రెండు గీతలే. బ్యాటరీతోపాటు అవి కూడా సాగి ఉబ్బి ఉన్నాయి. ఆ మిషన్ మొట్టమొదటిసారి నా కళ్ళముందు విప్పినప్పుడు పెట్టిన సంతకం అది. కంపెనీ వేసిన బ్యాటరీయే అది, స్టిక్కర్ ఉన్నా లేకపోయినా. ఆయన దాన్ని ముట్టుకోలేదు. నేను నేల మీదే కూర్చుండిపోయాను. సిగ్గు అంటే ఇన్నాళ్ళూ తల దించుకోవడం అనుకున్నాను. ఒళ్ళంతా దురద పుట్టినట్టు, ఎక్కడా కుదురుగా కూర్చోనివ్వదని ఆ రోజు తెలిసింది.

ఇంతవరకూ చేసింది తప్పు. ఇక్కడి నుంచి చేసింది పిరికితనం, అదే నన్ను ఎక్కువ తింటోంది. వెంటనే వెళ్ళలేదు. రాసింది ఆయన ఎదురుగా కూర్చుని తీసేస్తాను, అప్పుడే మర్యాదగా ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. బల్కంపేటలో బోనాలు, దారంతా జనం అని ఒక వారం. వానలని ఒక వారం. ఒకరోజు నిజంగానే జిరాక్స్ షాపు దాకా వెళ్ళాను. పైనుంచి ఆయన మాట వినబడింది, ఎవరితోనో నవ్వుతూ "జర సేపు కూసోండ్రి" అంటున్నారు. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. నన్ను చూస్తే ఆ నవ్వు ఏమవుతుందో అనిపించి, అక్కరలేని కాగితం ఒకటి జిరాక్స్ తీయించుకుని వచ్చేశాను. అది జరిగిన మూడో వారం ఆయన పోయారు.

ఆదివారం ఆరాధన మానేసి పదింటికి అక్కడికి వెళ్ళాను. ఆయన భార్య బల్ల వెనక నిలబడి, ఒక్కొక్క మిషనే తీసి ఎవరిది వాళ్ళకి ఇస్తోంది. జనం తగ్గేదాకా ఆగి నా పేరు చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"మీరేనా మేడం" అంది.

"నేనేనక్కా. సంతకం ఉంది. బ్యాటరీ మీద ఉంది. నేను చూశాను."

"ఉంటదని నాకెరుక."

"ఏమన్నారక్కా నన్ను?"

ఆమె కాసేపు బల్ల తుడిచింది. "ఏమనలే. నేనే అన్న, గామెకు ఫోన్ చేసి అడుగు, గట్ల ఎట్ల రాస్తదని. మేడంకు టైం దొరకలేదు చూసేటందుకు, చూసిన రోజు ఆమెనే వస్తది అన్నడు. రెండు మూడు దినాలు అన్నం సక్కగ తినలే. మళ్ళ ఆ ముచ్చట తీయలే" అంది.

చూసిన రోజు రాలేదని ఆమెకి చెప్పడం నా వల్ల కాదనిపించింది. చెప్పకుండా ఆ గదిలోంచి వెళ్ళకూడదని కూడా తెలుసు. చెప్పాను. రెండు నెలలుగా తెలుసని, మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయానని. ఆమె కోప్పడలేదు, ఓదార్చలేదు. "సరే మేడం, పోయి రాండ్రి" అని ఇంకో మిషన్ అందుకుంది.

మెట్లు దిగుతుంటే సగంలో ఒకతను ఎదురయ్యాడు. ముప్పై ఏళ్ళుంటాయి, నా వైపు భుజానికి లాప్‌టాప్ సంచీ, చేతిలో ఫోను. సంగతి తెలియనివాడు.

"మేడం, మీరు పైనుంచి వస్తున్నరు కదా. ఈ అన్న మంచిగ చేస్తడా? పార్టులు మారుస్తడని ఎవరో రాసిన్రు. పాత కస్టమరంట, పదహారేళ్ళ నుంచి" అంటూ ఫోను చూపించాడు.

"ఆయన సోమవారం పోయారు" అన్నాను. "అది అబద్ధం. రాసింది నేనే."

అతను నన్నూ ఫోన్నీ మార్చి మార్చి చూశాడు. నేను నా ఫోను తీసి, ఆ పేజీ తెరిచి, తీసెయ్యమని నొక్కాను. గురువారం నుంచి నాలుగుసార్లు అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను, దాని కిందున్న ఆయన జవాబు కూడా పోతుందని. పోయింది. ఆయన నాతో చివరగా అన్న మాటలు అవి. పక్కకి జరిగి అతనికి దారిచ్చాను.

పైన ఎవరున్నారో చూసుకుందామన్నట్టు అతను ఒక మెట్టెక్కాడు. నన్ను దాటి వెళ్ళేముందు, సంచీని నా వైపున్న భుజం మీంచి తీసి అవతలి భుజానికి మార్చుకున్నాడు.